టైటానియం: విమానంలో ఎందుకు, ఎముకలో ఎందుకు?

ఎవరింట్లోనైనా కాలు విరిగి ఆపరేషన్ జరిగితే, పరామర్శకు వెళ్ళినవాళ్ళకు తరచుగా వినిపించే మాట ఒకటుంది. "టైటానియం వేశారండీ, ఖర్చయినా పర్వాలేదనుకున్నాం." ఆ మాటలో కాస్త గర్వం ఉంటుంది, చాలాసార్లు దాని వెనక అప్పు కూడా ఉంటుంది. వైద్య సహాయం కోరే అర్జీలకు జతపరిచే ఎస్టిమేట్లలోనూ ఈ పేరు కనబడుతూనే ఉంటుంది. అది ఏం లోహం, ఎక్కడ దాని అవసరం నిజంగా ఉంది, ఎక్కడ అది లేకపోయినా పని జరుగుతుంది అన్నది సహాయం చేసేవారికి తెలిసి ఉంటే మంచిదనే ఉద్దేశంతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నేను వైద్యుణ్ణి కాను, బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. కాబట్టి లోహం దగ్గర మొదలుపెట్టి ఆసుపత్రి దాకా వస్తాను.

టైటానియం అరుదైన లోహమని చాలామంది అనుకుంటారు. భూమి పైపొరలో దొరికే మూలకాల్లో పరిమాణాన్ని బట్టి దానిది తొమ్మిదో స్థానం. రాగి, సీసం, జింకు మూడూ కలిపినా దానికి దరిదాపుల్లోకి రావు. భీమిలి తీరంలోనో శ్రీకాకుళం జిల్లా సముద్రపు ఒడ్డునో నడిచినవాళ్ళు అలలు వెనక్కి తగ్గినచోట ఇసుక మీద నల్లటి చారలు చూసే ఉంటారు. ఆ నల్ల ఇసుకలో ఇల్మనైట్ అనే ఖనిజం ఉంటుంది. ఇనుము, టైటానియం, ఆక్సిజన్ కలిసిన పదార్థమది. కేరళలో కొల్లం దగ్గరి చవర తీరం కూడా ఈ ఖనిజానికి పేరుపొందింది. 1791లో ఇంగ్లండులోని కార్న్‌వాల్ ప్రాంతంలో విలియం గ్రెగర్ అనే చర్చి మతాధికారి ఇలాంటి నల్ల ఇసుకనే పరీక్షిస్తూ, ఇందులో అప్పటిదాకా తెలియని మూలకం ఉందని గుర్తించాడు. నాలుగేళ్ళ తర్వాత జర్మనీ రసాయన శాస్త్రవేత్త క్లాప్‌రోత్ దానికి గ్రీకు పురాణాల్లోని టైటన్ల పేరు పెట్టాడు.

తవ్విన ఖనిజంలో నూటికి తొంభై పాళ్ళకు పైగా లోహంగా మారనే మారదు. టైటానియం డయాక్సైడ్ అనే తెల్లటి పొడిగా మారుతుంది. మన గోడలకు వేసే తెల్ల పెయింటులో, కాగితంలో, టూత్‌పేస్టులో ఉండే తెలుపు చాలావరకు అదే. ఈ తెల్ల పొడిని గుర్తుంచుకోండి, శరీరం సంగతి వచ్చినప్పుడు దీనితో మళ్ళీ పని పడుతుంది.

ఇంత దొరికే లోహం ఇంత ఖరీదెందుకు?

పదో తరగతి పిల్లలకు లోహ సంగ్రహణం పాఠం చెప్పేటప్పుడు ఇనుముతో మొదలుపెడతాం. బ్లాస్ట్ ఫర్నేసులో ముడి ఇనుప ఖనిజం, కోక్ బొగ్గు వేసి మండిస్తే బొగ్గు ఆక్సిజన్‌ను లాక్కుంటుంది, ఇనుము కరిగి కిందికి దిగుతుంది. టైటానియం దగ్గర ఈ పద్ధతి పారదు. దానికి ఆక్సిజన్ మీద ఉన్న మమకారం అంతటిది. బొగ్గుతో బలవంతంగా విడదీయబోతే ఆ బొగ్గుతోనే కలిసి కార్బైడ్‌గా మారి కూర్చుంటుంది. ఎర్రగా కాలిన టైటానియం గాలిలోని ఆక్సిజన్‌నే కాదు, మామూలుగా ఎవరి జోలికీ పోని నైట్రోజన్‌ను కూడా పీల్చుకుంటుంది. పీల్చుకున్న కొద్దీ పెళుసుబారుతుంది.

అందుకే మూలకాన్ని కనిపెట్టిన 119 ఏళ్ళకు గాని శుద్ధమైన లోహం చేతికి రాలేదు. 1910లో అమెరికాలో మాథ్యూ హంటర్ సోడియంతో దాన్ని వేరుచేశాడు. కొద్దికొద్దిగా చేసుకోవడానికి తప్ప కర్మాగారానికి ఆ పద్ధతి సరిపడలేదు. దారి చూపినవాడు లక్సెంబర్గ్‌కు చెందిన విల్హెల్మ్ క్రోల్. 1930లలో సొంత ప్రయోగశాలలో ఏళ్ళ తరబడి కుస్తీపట్టి, యుద్ధం ముంచుకొచ్చాక 1940లో అమెరికా చేరుకున్నాడు. ప్రపంచంలో ఈనాటికీ టైటానియం ప్రధానంగా ఆయన పద్ధతిలోనే తయారవుతోంది.

ఆ పద్ధతి ఇలా సాగుతుంది. ఖనిజాన్ని బొగ్గు, క్లోరిన్‌లతో కలిపి వేడిచేస్తే టైటానియం టెట్రాక్లోరైడ్ వస్తుంది. అది నీళ్ళలా కనబడే ద్రవం, కాని తేమ గాలి తగిలితే చాలు, తెల్లటి పొగలు కక్కుతుంది. దాన్ని స్వేదనం చేసి మలినాలు తీసేసి, మూసిన ఉక్కు పాత్రలో కరిగిన మెగ్నీషియం మీదికి పంపుతారు. పాత్రలో గాలికి బదులు ఆర్గాన్ వాయువు నింపి ఉంటుంది. మెగ్నీషియం క్లోరిన్‌ను తీసుకుంటే టైటానియం మిగులుతుంది. బడిలో నేర్పే స్థానభ్రంశ చర్యే ఇది, కాకపోతే 800 డిగ్రీలకు పైబడిన వేడిలో రోజుల తరబడి నడుస్తుంది. చివరికి పాత్రలో కనబడేది మెరిసే లోహపు దిమ్మ కాదు, బూడిదరంగులో బొరియలు బొరియలుగా ఉన్న ముద్ద. దాన్ని స్పాంజి అంటారు. ఆ స్పాంజిని నొక్కి కడ్డీగా చేసి, గాలి తీసేసిన కొలిమిలో విద్యుత్ ఆర్క్‌తో ఒకసారి, మళ్ళీ ఒకసారి, విమాన ఇంజన్లలో తిరిగే భాగాలకైతే మూడోసారి కూడా కరిగిస్తారు. టన్నుల కొద్దీ ఎడతెగకుండా పారే ఇనుముకూ, విడతలు విడతలుగా వచ్చే దీనికీ ధరలో తేడా ఇక్కడే మొదలవుతుంది.

తర్వాత లేత్ మీది ఖర్చు ఉంది. టైటానియం వేడిని త్వరగా వదలదు, కోత పెట్టేటప్పుడు పుట్టిన వేడంతా పనిముట్టు మొన దగ్గరే నిలిచి దాని పదును తినేస్తుంది. అందుకని నెమ్మదిగా కొయ్యాలి, పనిముట్లు మారుస్తూ ఉండాలి.

ఈ పనిలో మన ప్రాంతానికి చెప్పుకోదగ్గ పాత్రే ఉంది. స్పాంజి తయారీ పద్ధతిని మన దేశ అవసరాలకు తగ్గట్టు రూపొందించినది హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనాలయం, అంటే డి.ఎం.ఆర్.ఎల్. ఆ పరిజ్ఞానంతో, విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రం ఇచ్చిన నిధులతో 2011లో చవరలోని కె.ఎం.ఎం.ఎల్. సంస్థలో ఏడాదికి 500 టన్నుల స్పాంజి ప్లాంటు ప్రారంభమైంది. స్పాంజిని కరిగించి మిశ్రమలోహాలుగా, కడ్డీలుగా, రేకులుగా మార్చే మిశ్ర ధాతు నిగమ్ 1973 నుంచి కంచన్‌బాగ్‌లోనే ఉంది. పాతబస్తీ నుంచి చాంద్రాయణగుట్ట వైపు రోజూ తిరిగేవాళ్ళలో ఎంతమందికి ఆ గోడల లోపల రాకెట్ల లోహం కరుగుతోందని తెలుసో!

ఆకాశంలో

ఒకే పరిమాణం ఉన్న ముక్కలు తీసుకుంటే టైటానియం బరువు ఉక్కు బరువులో సుమారు 57 శాతం ఉంటుంది. అల్యూమినియం ఇంకా తేలిక, టైటానియం బరువులో అది 60 శాతమే. మరి విమానమంతా అల్యూమినియంతో చేస్తే పోదా? చాలావరకు అలాగే చేస్తారు. ఇబ్బంది వేడి దగ్గర వస్తుంది. 150 డిగ్రీలు దాటేసరికి మామూలు అల్యూమినియం మిశ్రమాలు మెత్తబడటం మొదలవుతుంది. టైటానియం మిశ్రమాలు 400 డిగ్రీల దాకా నిబ్బరంగా పనిచేస్తాయి, కొన్ని ఇంకా పైకి కూడా. తేలికదనం, బలం, వేడికి ఓర్పు మూడూ ఒకేచోట కావలసినప్పుడు దీనికి పోటీ తక్కువ. అన్నింటికన్నా ఎక్కువగా వాడేది 6 శాతం అల్యూమినియం, 4 శాతం వనేడియం కలిపిన మిశ్రమం. లోహశాస్త్రం చదివిన పిల్లలు దాన్ని 'సిక్స్-ఫోర్' అని ముద్దుగా పిలుస్తారు.

ఈ లోహంతో మొత్తంగా విమానమే కట్టిన ఉదాహరణ ఒకటుంది. 1964 డిసెంబరులో తొలిసారి ఎగిరిన అమెరికా నిఘా విమానం ఎస్.ఆర్-71 ధ్వని కన్నా మూడు రెట్లకు పైగా వేగంతో పోయేది. ఆ వేగానికి గాలి రాపిడితోనే దాని ఒళ్ళు వంటింటి ఓవెన్ కన్నా వేడెక్కేది. అల్యూమినియం తట్టుకోదు కాబట్టి నిర్మాణంలో ఎక్కువ భాగం టైటానియమే వాడారు. అంత లోహం అమెరికాలో లేదు, సోవియట్ యూనియన్ దగ్గర ఉంది. అందుకని మధ్యలో వేరే కంపెనీలను పెట్టి, ఏ దేశం మీద నిఘాకు ఉద్దేశించారో ఆ దేశం నుంచే తెప్పించుకున్నారు.

పిల్లలకు నేను ఎక్కువగా చెప్పేది ఆ కర్మాగారంలో జరిగిన చిన్న సంగతి. వేసవిలో వెల్డింగ్ చేసిన రెక్కల రేకులు తొందరగా పాడయ్యేవి, చలికాలంలో చేసినవి బాగుండేవి. లోహం అదే, మనుషులూ వాళ్ళే. వెతగ్గా వెతగ్గా కారణం కుళాయి నీళ్ళలో దొరికింది. వేసవిలో నాచు పట్టకుండా ఊరి నీళ్ళలో క్లోరిన్ ఎక్కువ కలిపేవారు, ఆ నీళ్ళతో రేకులు కడిగేవారు. స్వేదన జలానికి మారాక బాధ తీరింది. కాడ్మియం పూత ఉన్న పనిముట్లతో బిగించిన బోల్టుల తలలు కూడా ఇలాగే ఊడిపోయేవట. టైటానియం అన్నింటికీ లొంగని లోహమని ప్రకటనల్లో చదువుతుంటాం. మామూలు వేడిలో అది నిజమే, వేడెక్కిన చోట మాత్రం దానికీ శత్రువులున్నారు.

ప్రయాణికుల విమానాల్లో టైటానియం ముఖ్యంగా ఇంజన్ ముందు భాగంలో ఉంటుంది. గాలిని లోపలికి లాగే ఫ్యాను, దాని వెనక గాలిని నొక్కే కంప్రెసర్ తొలి వరుసలు దీనితో చేస్తారు. ఇంధనం మండే చోట వేడి మరీ ఎక్కువ, అక్కడ నికెల్ మిశ్రమాలే గతి. బోయింగ్ 787 బరువులో దాదాపు 15 శాతం టైటానియం. ఆ విమానంలో శరీరం కార్బన్ ఫైబరుది. కార్బన్‌కు ఆనుకుని అల్యూమినియం ఉంటే తేమ తగిలినప్పుడు అల్యూమినియం తినబడిపోతుంది, టైటానియంకు ఆ బాధ లేదు.

మన పి.ఎస్.ఎల్.వి. నాలుగో దశలో ద్రవ ఇంధనం నింపే ట్యాంకులు కూడా టైటానియం మిశ్రమంవే. 1,668 డిగ్రీల దాకా కరగదు కాబట్టి, రాకెట్ల శకలాలు భూమి మీద పడ్డప్పుడు మిగతావి కాలిపోయినా కొన్నిసార్లు టైటానియం గోళాలు అలాగే దొరుకుతుంటాయి.

ఇక దీనికి మరోవైపు. 1989 జూలై 19న అమెరికాలో ఒక డి.సి-10 విమానం తోక ఇంజన్‌లో టైటానియం ఫ్యాను డిస్కు గాలిలోనే పగిలిపోయింది. ఆ ముక్కలు తగిలి విమానాన్ని నడిపే మూడు హైడ్రాలిక్ వ్యవస్థలూ తెగిపోయాయి. పైలట్లు మిగిలిన రెండు ఇంజన్లను తగ్గిస్తూ పెంచుతూ ఎలాగో సూ సిటీ రన్‌వే దాకా తెచ్చారు. ఉన్న 296 మందిలో 112 మంది చనిపోయారు. ఏళ్ళ కిందట ఆ లోహాన్ని కరిగించిన సమయంలో నైట్రోజన్ చేరి గట్టిపడిన చిన్న మచ్చ ఒకటి అందులో ఉండిపోయింది, అక్కడే చీలిక మొదలైందని దర్యాప్తులో తేలింది. శూన్యంలో మూడుసార్లు కరిగించాలన్న పట్టింపు, పరీక్షల ఖర్చు ఎందుకో ఇది చదివాక అర్థమవుతుంది. శరీరంలో పెట్టే లోహానికి కూడా నాసిరకానికీ సరైన రకానికీ తేడా కంటికి కనబడదు.

ఒంట్లో

1952లో స్వీడన్‌లో పెర్-ఇంగ్వార్ బ్రోన్‌మార్క్ అనే వైద్యుడు ఎముక లోపల రక్తప్రసరణ ఎలా జరుగుతుందో చూడటానికి కుందేలు కాలి ఎముకలో టైటానియంతో చేసిన చిన్న పరికరం అమర్చాడు. ప్రయోగం ముగిశాక దాన్ని తీసుకుని మళ్ళీ వాడుకుందామనుకుంటే అది ఊడి రాలేదు. ఎముక దాన్ని పరాయి వస్తువుగా ఎడంగా ఉంచక, దగ్గరికి పెరిగి పట్టేసుకుంది. ఇంకొకరైతే పరికరం పాడైందని విసుక్కునేవారేమో, ఆయన మాత్రం ఆ పట్టు మీదే జీవితం పెట్టాడు. 1965లో పుట్టుకతో దవడ లోపమున్న ఒక మనిషికి టైటానియం స్క్రూల మీద పళ్ళు కట్టాడు. అవి ఆ మనిషికి నలభై ఏళ్ళ పైబడి పనిచేశాయి. ఇవాళ మన ఊళ్ళలో డెంటిస్టు బోర్డుల మీద 'ఇంప్లాంట్లు' అని రాసి ఉండేది ఆ కుందేలు చలవే.

ఎముక ఎందుకలా పట్టుకుంది? జవాబు మొదట చెప్పిన తెల్ల పొడిలో ఉంది. టైటానియంకు గాలి తగిలిన క్షణంలోనే దాని మీద ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో నాలుగైదు భాగాల మందం ఉంటుందంతే. గోడ పెయింటులో ఉండే టైటానియం డయాక్సైడే ఇక్కడ కంటికి కనబడని పొరగా ఉంటుంది. గీత పడితే వెంటనే మళ్ళీ ఏర్పడుతుంది. రక్తంలోని ఉప్పు దాన్ని దాటి లోహాన్ని తినలేదు, ఎముక కణాలు దాని మీద నిరభ్యంతరంగా పెరుగుతాయి. కొలిమిలో అంత తలనొప్పి తెచ్చిన ఆక్సిజన్ మమకారమే ఒంట్లో కవచమవుతుందన్న మాట.

రెండో లాభం బిగువుకు సంబంధించినది. ఎముక బతికున్న పదార్థం, మోసే బరువును బట్టి బలపడుతుంది. పక్కన మరీ బిగువైన లోహం పెడితే బరువంతా అదే మోస్తుంది, పని లేని ఎముక పలచబడుతుంది. ఉక్కు బిగువు ఎముకకు ఇంచుమించు పది రెట్లు. టైటానియం మిశ్రమానిది ఉక్కులో సగం. ఎముకతో సమానం కాకపోయినా ఉక్కు కన్నా నయం.

తుంటి కీలు మార్పిడిలో తొడ ఎముక లోపలికి దిగే కాడ, ఎముక పట్టుకోవలసిన గిన్నె బయటి భాగం చాలావరకు టైటానియంతో చేస్తారు. పేస్‌మేకర్ పెట్టె, పుర్రెకు దెబ్బ తగిలి ఎముక తీసేసినచోట వేసే జాలీ కూడా ఇదే. టైటానియంలో ఇంచుమించు సమానంగా నికెల్ కలిపితే నిటినాల్ అనే వింత మిశ్రమం వస్తుంది. చల్లగా ఉన్నప్పుడు నలిపి సన్నటి గొట్టంలో పెట్టి రక్తనాళంలోకి పంపితే, ఒంటి వేడికి తన పాత ఆకారం గుర్తొచ్చినట్టు విచ్చుకుంటుంది. కాళ్ళ రక్తనాళాల్లో వేసే కొన్ని స్టెంట్లు ఇలాంటివే. గుండెకు వేసేవి సాధారణంగా వేరే లోహాలవి.

ఆకాశం కోసం చేసినది ఆసుపత్రికి చేరడం హైదరాబాదుకు తెలియని సంగతి కాదు. అబ్దుల్ కలాం గారు క్షిపణి ప్రయోగశాలలో ఉన్న రోజుల్లో నిమ్స్ ఎముకల డాక్టరొకరు అక్కడి తేలికపాటి పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి, ఆయనను తన వార్డుకు తీసుకెళ్ళారు. మూడు కిలోల ఇనుప కాలిపర్లు ఈడ్చుకుంటున్న పిల్లలకు 300 గ్రాముల కాలిపర్లు అలా వచ్చాయి. అది టైటానియం కాదు, కాంపోజిట్ పదార్థం. దారి మాత్రం ఇదే.

డబ్బు దగ్గర

ఇప్పుడు ఎస్టిమేటు సంగతి. టైటానియంకు ఉన్న పెద్ద లోపం రాపిడి. లోహం మీద లోహం, లేదా లోహం మీద ప్లాస్టిక్ రోజూ వేల సార్లు జారే చోట అది త్వరగా అరిగి పొడి రాలుస్తుంది. అందుకే తుంటి కీలులో కాడ టైటానియం అయినా పైన బంతి కోబాల్ట్-క్రోమియందో సిరామిక్‌దో ఉంటుంది. మోకాలి మార్పిడిలో తొడ ఎముక చివర తొడిగే భాగం చాలామందికి కోబాల్ట్-క్రోమియమే వేస్తారు, అది తక్కువ రకమేమీ కాదు. "నానీకి టైటానియం మోకాలు వెయ్యలేదు, మోసం చేశారు" అని బాధపడేవాళ్ళు ఈ ముక్క తెలుసుకోవాలి.

మోకాలి ఇంప్లాంట్ల ధరలకు జాతీయ ఔషధ ధరల సంస్థ 2017 ఆగస్టులో పరిమితి పెట్టింది. అప్పటిదాకా సగటున లక్షా యాభై ఎనిమిది వేలు పలికిన మామూలు కోబాల్ట్-క్రోమియం మోకాలు రూ. 54,720కి దిగింది. టైటానియం, ఆక్సిడైజ్డ్ జిర్కోనియం వంటి ప్రత్యేక లోహాల రకానికి రూ. 76,600 పెట్టారు. పన్ను అదనం. తర్వాత ఈ అంకెలు మారాయి కాబట్టి అర్జీ చూసే ముందు ఆ సంస్థ ప్రకటించిన తాజా ధర సరిచూసుకోవాలి. రెండు రకాల మధ్య ఉన్న తేడాను గమనించండి. నికెల్ వంటి లోహాలు పడనివారికి ఆ తేడా పెట్టడం సబబే. అందరికీ కాదు.

విరిగిన ఎముకకు వేసే ప్లేట్ల సంగతి ఇంకా స్పష్టం. ఇంప్లాంట్‌కు వాడే స్టెయిన్‌లెస్ స్టీలుతో దశాబ్దాలుగా లక్షల ఎముకలు చక్కగా అతుక్కున్నాయి. ఆ స్టీలులో పది శాతానికి పైగా నికెల్ ఉంటుంది కాబట్టి అది పడనివారికి టైటానియం కావాలి. మున్ముందు ఎం.ఆర్.ఐ. తరచుగా అవసరమయ్యే వెన్నెముక, తల భాగాల్లోనూ టైటానియమే మేలు, దానివల్ల ఫోటో తక్కువ చెదురుతుంది. ఇంకొకటి, ఎముక అంతగా పట్టుకునే గుణమే ప్లేటు తియ్యాల్సి వచ్చినప్పుడు ఎదురు తిరుగుతుంది. టైటానియం స్క్రూలు ప్లేటుతో ఒరుసుకుని అతుక్కుపోయి తల అరిగిపోవడం సర్జన్లకు తెలిసిన తలనొప్పి. పెరిగే పిల్లలకు ప్లేటు మళ్ళీ తీస్తారా, ఉంచేస్తారా అన్నది ముందే అడగాలి. నిర్ణయం సర్జనుదే, కాని "స్టీలు వేస్తే ఏమవుతుంది సార్?" అని అడిగే హక్కు మనది. మంచి డాక్టరు ఆ ప్రశ్నకు విసుక్కోడు.

టైటానియం అయస్కాంతానికి అంటదు గాని లోహమే కాబట్టి విమానాశ్రయంలో గేటు మోగవచ్చు. ఉమ్రాకు వెళ్ళే పెద్దలు ఆపరేషన్ కాగితం వెంట ఉంచుకుంటే సరి. ఎం.ఆర్.ఐ. గదిలో మాత్రం ఏ లోహమైనా సరే, ముందుగా చెప్పి తీరాలి.

అర్జీకి జతచేసే బిల్లులో 'ఇంప్లాంట్ చార్జీలు' అని ఒక్క వరుస ఉంటే ఒప్పుకోవద్దు. మోకాలి ఇంప్లాంట్ల విషయంలో ధర, కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు విడిగా చూపాలని 2017 ఉత్తర్వులోనే ఉంది. ప్లేట్లు, స్క్రూల పెట్టెల మీద కూడా ఏ లోహమో, ఏ బ్యాచో తెలిపే స్టిక్కర్లు ఉంటాయి. వాటిని కేసు షీటులో అంటిస్తారు. ఒక స్టిక్కరు లేదా దాని ఫోటో అడిగి తీసుకుని డిశ్చార్జి కాగితాలతో భద్రపరచమని రోగి ఇంట్లోవాళ్ళకు చెప్పండి, పదేళ్ళ తర్వాత ఇంకో డాక్టరు ముందు కూర్చున్నప్పుడు లోపల ఉన్నదేమిటో చెప్పేది ఆ చిన్న కాగితమే.